మహాకాయుడు వెండెల్ హ్రూస్కా ముక్కు అప్పగించిన వైనం

ఆరడుగుల ఎడమున ఆసీనులై, ముక్కులు కప్పుకొని, చెవులు మాత్రము విప్పుకొని ఆలకింపుడు! మొక్కజొన్న కోతలు సగము ముగిసి, ఉత్తరపు గాలి పొట్టునెల్ల పట్టణముపై చల్లుచున్న రెండువేల ఇరవయ్యవ సంవత్సరపు అక్టోబరు మాసమున, ఒకానొక గురువారపు ఉదయమున, నెబ్రాస్కా రాష్ట్రమందలి టల్లీ క్రీక్ కళాశాలలో జరిగిన ఘోరసమరమును చెప్పెదను. అందు ఒకవైపు నూటనలుబదియెనిమిది కిలోల వీరుడు. మరొకవైపు ఆరంగుళాల దూదిపుల్ల.

అప్పటికి ఆ కళాశాల క్రీడావిభాగము రోగము సోకకయే మంచము పట్టియుండెను. ఇరువదిరెండు వేల గొంతుకల కేకలతో దద్దరిల్లవలసిన క్రీడాంగణమున అట్టబొమ్మలు ప్రేక్షకులై కూర్చుండెను. టికెట్లు లేవు, తినుబండారములమ్మువారు లేరు, నలుబది లక్షల డాలర్ల లోటునకు మాత్రము లోటు లేదు. టెన్నిస్ జట్టు రద్దయ్యెను. గోల్ఫ్ జట్టు రద్దయ్యెను. మైదానపు పనివారు జీతములేని సెలవుపై ఇండ్లకేగగా, విభాగాధిపతి కార్లా ఒడెగార్డ్, ఏబదినాలుగేండ్ల వయసున తానే యంత్రమెక్కి గడ్డి కోసి, తానే తెల్లగీతలు గీయుచుండెను. గొడ్డలివేటునకు ఎదురుచూచుచున్న తదుపరి మెడ మహిళల ఈత జట్టుది.

ఒక్కటే ఆశ. శనివారపు అమెరికన్ ఫుట్‌బాల్ ఆట జరిగినచో టీవీవారు మూడు లక్షల డాలర్లిత్తురు. అయితే, ముందువరుసన నిలిచి శత్రువులను తోయు భారీకాయులలో ఏడుగురైనను నిరోగులని తేలనిదే ఆట లేదని లీగు శాసనము. ఐదుగురు క్వారంటైను పాలైరి. మిగిలినది సరిగ్గా ఏడుగురు. ఆ ఏడవవాడే వెండెల్ హ్రూస్కా.

పందుల పెంపకపు వంశమున జనించి, పోతుపందిని రెండు చేతుల ఎత్తి బండిలో వేయగల ఆ గజస్కంధునకు లోకమున ఒక్కటే భయము: ముక్కులోనికి ఏదేని దూరుట. ఆరేండ్ల ప్రాయమున నాసికారంధ్రమున ఇరుకుకొన్న మొక్కజొన్న గింజను వైద్యుడు పటకారుతో పెరికిననాడు పుట్టిన భయమది. క్రితము వారము వరకు ఉమ్మి పరీక్షతో రోజులు నెట్టెను. ఆ వారము నుండి లీగు దూదిపుల్లనే విధించెను.

బాస్కెట్‌బాల్ మందిరమున, గాజుతొడుగు ముఖమున ధరించి, పుల్ల చేబూని నిలిచెను డోరిస్ పిక్కెట్. ఐదడుగులకు ఒక అంగుళము తక్కువ. ముప్పదియొక్క సంవత్సరములుగా ఆటగాండ్ర చీలమండలకు కట్లు కట్టిన చేయి. నమూనాలను ప్రయోగశాలకు కొనిపోవు వ్యాను పది గంటలకు కదలును. గడియారము తొమ్మిదిన్నర.

"తల వెనక్కి పెట్టు నాయనా. పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది."

"మిస్ డోరిస్, అది మెదడు దాకా పోతుందంట కదా?"

"నీకు ఆ ప్రమాదం లేదులే."

తొలి దండయాత్రలో వీరుడు వెనుకకు ఒరిగి ఒరిగి, కుర్చీ కాళ్లు విరిగి, సకలాంగసహితుడై నేలకూలెను. రెండవదానిలో పుల్ల మీసమును తాకినంతనే ఆతడొక తుమ్ము తుమ్మగా, బల్లపైనున్న కాగితములెల్ల కొంగలవలె ఎగిరిపోయెను. మూడవసారి పుల్ల పైకి లేచుసరికి కుర్చీ ఖాళీ! మెట్లు గడగడలాడ, మహాకాయుడు గ్యాలరీ కట్టకడపటి వరుసకు పలాయితుడయ్యెను.

కబురందుకొని కార్లా గడ్డికోత యంత్రము దిగి పరుగున వచ్చెను. బూట్లనిండ తెల్లరంగు. "వెండెల్! ఆ బండి నీ కోసం ఆగదు బాబూ, కిందకి రా!"

"నేనిక్కడే చస్తాను మేడమ్!"

అంతట తడిజుట్టుతో, తువ్వాలు మెడను చుట్టి, ఈత జట్టు నాయకురాలు జోలీన్ బక్లీ ప్రవేశించి, సోపానములన్నియు ఎక్కి ఆతనికి ఆరడుగుల దూరమున నిలిచెను.

"ఏరా, సిగ్గులేదూ? మాకు పరీక్షలు చేయించడానికి డబ్బుల్లేవంట. ఒక్క పుల్ల ఇవ్వండి మహాప్రభో అని మేం మొత్తుకుంటుంటే, నీ కోసం వెతికి మరీ పట్టుకొస్తున్నారు. నువ్వేమో పైకెక్కి కూచున్నావ్!"

"నా ముక్కు నువ్వు తీసుకో పో. నాకొద్దు."

"నీ ముక్కు నాకెందుకురా, ఈదేటప్పుడు బరువు!"

వీరుడు నవ్వబోయి ఆగెను. నేల చూచుచు మెల్లగా అడిగెను. "శనివారం ఆట జరక్కపోతే నిజంగానే మీ జట్టు తీసేస్తారా?"

జోలీన్ కంఠమున పరిహాసము ఇంకెను. "నిన్న వీడియో మీటింగులో చెప్పారు. పదకొండు మందిమి. ఒక్కొక్కరే కెమెరాలు ఆపేసుకున్నారు. ఏడుస్తున్నట్టు కనబడకూడదని."

అవ్వాక్కు విన్నంతనే, పిడుగు పడిన గాదెవలె వెండెల్ వణికి, గాదెయంతటివాడు లేచి, ఒక్కొక్క మెట్టు దిగి, కొత్త కుర్చీలో కూలబడి, సభనుద్దేశించి ఇట్లు గర్జించెను:

"వినండి అందరూ! మూడొందల పౌండ్లవాళ్లు మీదపడితే కదల్లేదు నేను. పోయినేడు వేలు విరిగినా ఆట ఆపలేదు. ఇవాళ నా ముక్కు ఇస్తున్నా! రెండు బొక్కలూ ఇస్తున్నా! కాకపోతే... ఎవరైనా చెయ్యి పట్టుకోండి."

డోరిస్ ఒక చేతితొడుగు విసరెను. జోలీన్ దానిని తొడిగికొని చేయి చాచెను.

పుల్ల ప్రవేశించెను! కనుల గంగ పొంగెను, చెవులు ఎర్రవారెను, పాదములు నేలను దున్నెను. "ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది..." అని వీరుడు లెక్కపెట్టగా, "మధ్యవి ఎక్కడికి పోయాయి?" అని డోరిస్ గద్దించెను. "నా వేళ్లురా! వాటితోనే ఈదాలి!" అని జోలీన్ కేక వేసెను. కుడి రంధ్రము గడిచెను. ఎడమ రంధ్రము గడిచెను. పుల్ల సీసాలో పడెను, మూత బిగిసెను.

పది దాటి రెండు నిమిషములు. వ్యాను గేటు దాటుచుండగా, కార్లా ఆ సీసాను పొట్టకు హత్తుకొని, గడ్డికోత యంత్రముపై గంటకు పది మైళ్ల ప్రళయవేగమున తరిమి, మలుపున దానిని అందుకొనెను!

శుక్రవారము ఫలితము వచ్చెను: రోగము లేదు. శనివారము ఆట జరిగెను. టల్లీ క్రీక్ ఎదుటివారి నలుబదియైదు పాయింట్లకు మూడు మాత్రమే సాధించి చిత్తుగా ఓడెను. అయినను అట్టప్రేక్షకులలో ఒక్కరును మధ్యలో లేచిపోలేదు.

ఆదివారము మధ్యాహ్నము కార్లా నుండి ఈత జట్టునకు రెండు పంక్తుల లేఖ అందెను: మార్చి వరకు మీరున్నారు. ఆ తరువాతి మాట తరువాత.

కావున దిక్కులదరునట్లు చాటుచున్నాను: రెండు నాసికారంధ్రములు జయింపబడినవి! ఐదు నెలలు గెలువబడినవి! మరునాడు జోలీన్ బక్లీ, వాచిన రెండు వేళ్లను జతకట్టి ప్లాస్టరు చుట్టుకొని, చన్నీటిలోనికి అందరికన్న ముందు దుమికెను.