తెల్లగీతకు ఎడమపక్క

సముద్రం ఒడ్డునుంచి ఎచ్చెర్ల వైపు వెళ్లే రోడ్డును వెడల్పు చేసి, సైకిలు తొక్కేవారికి ఏ లోటూ లేకుండా చేశామని రోడ్డు భద్రతా సంఘం వారు సగర్వంగా ప్రకటించారు. ప్రకటనలో అబద్ధమేమీ లేదు. పూర్వం పక్కన ఉండే మట్టి అంచును కూడా తారు మింగేసింది. తారు అయిపోయిన చోట లోతైన బోదె కాలవ మొదలవుతుంది. మధ్యలో లోటు రావడానికైనా చోటు లేదు.

ఈ సౌకర్యాన్ని అందరికంటే ఎక్కువ అనుభవించినవాడు జోగయ్య. తెల్లారి పడవలు ఒడ్డు చేరగానే చేపలు కొని, సైకిలు వెనక ఐసు పెట్టె కట్టుకుని ఊళ్లమ్మట అమ్ముకునే మనిషి. వెనక హారన్ వినబడితే చాలు, సైకిలుతో సహా బోదెలోకి దిగేవాడు. బండి వెళ్లిపోయాక పైకి ఎక్కేవాడు. లారీలవాళ్లకీ కార్లవాళ్లకీ అతనంటే మహా గౌరవం. ఆగి చెప్పే తీరిక లేక ఆ గౌరవాన్ని హారన్‌తోనే తెలియజేసేవారు. ఇలా దిగుతూ ఎక్కుతూ ఊరు చేరేసరికి ఐసు కరిగేది, చేప మెత్తబడేది. మెత్తబడిన చేపను ఎవరు కొంటారు?

“ఏటి మావా, రోజూ సగం సేప తిరిగొచ్చెస్తన్నాది? నువ్వు రోడ్డు మీద ఎల్తన్నావా, బోదెలో ఎల్తన్నావా?” అని భార్య కూర్మమ్మ నిలదీసింది.

“రోడ్డు మీదెల్తే నేనే తిరిగి రానే,” అన్నాడు జోగయ్య. వేళాకోళానికి అనలేదు. ఆ రోడ్డంటే అతనికి చచ్చేంత భయం.

ఇంతలో కోతలయ్యాయి. రైతులు ఏటా చేసినట్టే ధాన్యం తెచ్చి రోడ్డు మీద ఎండబోశారు. జగన్నాధం అనే రైతు సగం రోడ్డు తనదనుకుని, ధాన్యం చుట్టూ బండరాళ్లు వరసగా పేర్చాడు. అప్పుడు జోగయ్య కళ్లారా ఒక వింత చూశాడు. మనిషిని చూసి ఏనాడూ బ్రేకు తొక్కని మహానుభావులు రాయిని చూసి తొక్కుతున్నారు! నెమ్మదించి, పక్కకు తిరిగి, ఎదుటి బండికి దారిచ్చి మరీ పోతున్నారు. మనిషిని గుద్దితే నష్టం మనిషికి, రాయిని గుద్దితే నష్టం టైరుకి. మనవాళ్లకు లెక్కలు రావని ఎవరన్నారో గాని, శుద్ధ తప్పు.

జోగయ్య వెళ్లి జగన్నాధం ముందు చేతులు కట్టుకున్నాడు.

“బాబూ, రాళ్లకీ గింజలకీ మద్దిన కూసింత జాగా ఇడిసిపెట్టండి. నా సైకిలెల్లిపోతాది.”

“ఒరే జోగీ, గింజ తొక్కినావంటే సూడు మరి!” అంటూ జగన్నాధం ఒప్పుకున్నాడు.

ఆనాటినుంచి జోగయ్య రాళ్ల లోపల తొక్కాడు. ఐసు కరగలేదు, కూర్మమ్మ కేకలేయలేదు. ధాన్యం ఎత్తేశాక కూడా రాళ్లు ఉంచమని బతిమాలాడు. మోసుకెళ్లడానికి జగన్నాధానికీ బద్ధకమే. లోపల ఒక్క గింజ లేకపోయినా బళ్లు మునుపటిలాగే ఒదిగి ఒదిగి వెళ్లాయి. బడిపిల్లలు, పాలవాళ్లు, ఉపాధి పనికెళ్లే ఆడవాళ్లు అందరూ ఆ దారే పట్టారు. ఎవరూ బోదెలో పడలేదు. ఇంతటి ఘోరాన్ని బాధ్యతగల పెద్దలు ఎంతకాలం సహిస్తారు?

భద్రతా వారోత్సవాలు వచ్చాయి. సంఘాధ్యక్షులు మోహనకృష్ణగారు వేంచేస్తుండగా కారు రాళ్ల దగ్గర నెమ్మదించవలసి వచ్చింది. నెమ్మదించడం వారికి అలవాటు లేదు. ఇవి ప్రాణాంతకమైన ఆటంకాలని అక్కడికక్కడే తీర్మానించి రాళ్లు తీయించారు. బదులుగా తారు అంచు పొడవునా తెల్లగీత గీయించి, దానికి ఎడమపక్క సైకిళ్ల ప్రత్యేక మార్గమని బోర్డు పెట్టించారు. గీతకు ఎడమపక్క బెత్తెడు తారు ఉంది. ఆపైన బోదె.

“సోదర సోదరీమణులారా! విదేశాలకు వెళ్లి చూడవలసిన సైకిలు మార్గం నేడు మన ముంగిట వెలసింది! రహదారి అందరిదీ! సైకిలు సోదరుడు తన హద్దు తాను తెలుసుకున్ననాడు ప్రమాదమనే మాటే వినబడదు!” అని రోడ్డుకు అడ్డంగా వేసిన షామియానాలోంచి వారు ఉపన్యసించారు. జోగయ్యను ఆదర్శ సైకిలిస్టుగా ఎంపిక చేసి, శాలువా కప్పి, నెత్తిన హెల్మెట్ పెట్టారు.

“ఈ జాగాలో సైకిలు పట్టదు బాబూ. ఆ రాళ్లుండనీండి,” అన్నాడు జోగయ్య. మైకు అప్పటికే ఆపేశారు.

మర్నాడు జోగయ్య నిబంధనల ప్రకారం గీతకు ఎడమపక్కనే తొక్కాడు. వెనకనుంచి ఒక వ్యాను వచ్చింది. పాపం, అదీ నిబంధన మీరలేదు. చక్రాలు గీతకు కుడిపక్కనే ఉన్నాయి. పక్క అద్దం ఒక్కటే గీత దాటింది. జోగయ్య బోదెలో పడ్డాడు. హెల్మెట్ పుణ్యాన తలకేమీ కాలేదు, కాలు మాత్రం విరిగింది. పెట్టె పగిలి కానాగంత చేపలు రోడ్డంతా పరుచుకున్నాయి. వ్యాను తన పని మీద తాను వెళ్లిపోయింది.

అప్పుడు ఆ రోడ్డు మీద ఎన్నడూ జరగనిది జరిగింది. బళ్లు ఆగాయి. లారీ ఆగింది, కార్లు ఆగాయి, కాలేజీ బస్సు ఆగింది. జనం బిలబిలమంటూ దిగారు. జోగయ్యకు ప్రాణం లేచివచ్చింది.

“కాలిరిగిపోనాది బాబూ! ఒక్క సెయ్యి ఏయండి!” అని బోదెలోంచి కేకపెట్టాడు.

చేతులు చాలానే పడ్డాయి, చేపల మీద. సంచులున్నవాళ్లు సంచుల్లో, లేనివాళ్లు టిఫిన్ డబ్బాల్లో వేసుకున్నారు. తోపులాట లేదు. ముందువాళ్లు వెనకవాళ్లకు జాగా ఇచ్చారు. ఎంత ఆలస్యమైనా ఒక్కడు హారన్ కొట్టలేదు. దయగల పెద్దమనిషి ఒకాయన బోదె అంచుకు వచ్చి, వంగి, జోగయ్యను ఆప్యాయంగా అడిగాడు.

“ఇవి ఇయ్యాలవేనా, నిన్నటివా?”

“ఇయ్యాలవే బాబూ,” అన్నాడు జోగయ్య, అలవాటు కొద్దీ.

ఆయన తృప్తిపడి మరికొన్ని ఏరుకున్నాడు.

మీరు ఆ బస్సులో వెనక సీట్లో కూర్చోవడం వల్ల దిగడం కాస్త ఆలస్యమైనట్టుంది. కూరకు సరిపడా దొరికాయా?