చెప్పుంటే వచ్చుండేవాణ్ణి

ఇంగ్లీషువాడు రైలిచ్చాడు, కాఫీ ఇచ్చాడు అని మురిసిపోయే పెద్దలకో మనవి. అవన్నీ ఓ మూలకి నెట్టండి! వాడు వదిలిపోయిన అసలు వరం ఒకే ఒక్క వాక్యం. "ఇఫ్ యూ హేడ్ టోల్డ్ మీ, ఐ వుడ్ హేవ్ కమ్." ఆహా! నోట్లో వేసుకుంటే చాలు, కరిగిపోతుంది.

అది రాకముందు తెలుగువాడి బతుకేమిటి? వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. రానివాడు కడుపునొప్పి తెచ్చుకోవాలి, లేదా నిక్షేపంలాంటి మేనత్తని ఓ పూట చంపుకోవాలి. ఎంత పాపం! ఇప్పుడో? "చెప్పుంటే వచ్చుండేవాణ్ణి" అంటే సరి. గడప దాటకుండానే వచ్చిన పుణ్యం మనకి, చెప్పని పాపం వాళ్లకి!

మన చోడవరంలో ఈ వాక్యాన్ని నాటి, నీరుపెట్టి, పంట తీసినవాడు కామేశం. ఓ సర్కారు ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు ఇంగ్లీషు మేష్టారు తొడపాశం పెట్టి మరీ నేర్పారు. మిగతా ఇంగ్లీషంతా ఎస్సెల్సీ పరీక్షతోనే ఆవిరైపోయింది గానీ, ఈ ఒక్కటీ ఒంటబట్టింది. ఇంగ్లీషు రానివాళ్లకి దాన్నే తెలుగులో పెట్టేవాడు.

చీడికాడలో స్నేహితుడు దేవకుమార్ కాలు విరిగి నెలల తరబడి మంచంలో ఉన్నాడు. ఊరంతా చూసొచ్చింది. చివరికి కర్ర ఊతంతో అతనే బజారుకొస్తే, కామేశం నొచ్చుకున్నాడు. ఒక్క ముక్క చెప్పుంటే పరిగెత్తుకొచ్చుండేవాణ్ణి కదా అన్నాడు. పాపం, దేవకుమార్ కుంటుతూనే క్షమాపణ చెప్పుకుని, పైగా కాఫీ ఇప్పించాడు!

రోలుగుంట రైతు సత్యరాజు ఎద్దు నూతిలో పడింది. కబురుపెట్టుంటే తాడు పట్టుండేవాణ్ణి అని కామేశం నిష్ఠూరమాడాడు. సత్యరాజు తలగోక్కుని, "తప్పయిపోయింది బాబూ. ఈ మాటు ఎద్దు పడీముందే సెప్తాను" అన్నాడు. ఇంత మహత్తున్న మంత్రం మన శాస్త్రాల్లో ఎక్కడైనా ఉందా?

అయితే ఇంట్లో భార్య ఉంది. లక్ష్మీసుందరి. పాటంటే ప్రాణం. ఆడపిల్లల స్కూలు వార్షికోత్సవంలో ఆవిడ పాడితే కామేశం రాలేదు. చెప్పుంటే ముందు వరసలో కూర్చునుండేవాడట! ఆవిడ వారం నుంచీ చెబుతూనే ఉంది. పేపరు వెనకనించి "ఊఁ" అని వినబడింది కూడాను. ఆమధ్య విశాఖపట్నం రేడియోవాళ్లు స్త్రీల కార్యక్రమంలో పాడమని పిలిస్తే, పక్కింటి వరహాలక్ష్మిని తోడు తీసుకుని బస్సెక్కి, పాట రికార్డు చేయించుకుని వచ్చింది. చెప్పుంటే సెలవు పెట్టుండేవాడట!

ఆ పాట వేసే రోజు వచ్చింది. ఇంట్లో రేడియో లేదు, వింటే పంచాయతీ ఆఫీసు దగ్గరున్న రేడియోలోనే వినాలి. ఆయనగారు ఒక్కసారి తన పాట వినాలి. ఆవిడ కోరిక అంతే. చెప్పలేదనే మాట మాత్రం ఈసారి రాకూడదు.

పొద్దున్న ఆఫీసు తెరిచి ఫైళ్లింకా దులపలేదు. పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని, పేరంటానికి పిలవడానికి వచ్చినట్టు లక్ష్మీసుందరి గుమ్మంలోకి వచ్చింది. వెనక వరహాలక్ష్మి, పళ్లెంలో అరటిపళ్లు. హెడ్డు గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడు. ఆవిడ తిన్నగా మొగుడి బల్ల దగ్గరకెళ్లి, నుదుట కానీకాసంత బొట్టు పెట్టి, చేతిలో పండూ తాంబూలమూ పెట్టింది.

"ఇవాళ మధ్యాన్నం రేడియోలో పాడతన్నానండీ. పంచాయతీ రేడియో దగ్గరికి మీరు తప్పకుండా రావాలి" అంది.

ఆఫీసు గొల్లుమంది. కానీ కామేశం ఛాతీ ఉబ్బింది. సొంత పెళ్లాం చేత బొట్టు పెట్టించుకుని పిలిపించుకున్న మగాడు తాలూకాలో ఇంకెవడున్నాడు? మధ్యాహ్నం కాకముందే సెలవడిగి బయల్దేరాడు. నిజంగా బయల్దేరాడండీ!

దారిలో టీ దుకాణం. నుదుట ఆ బొట్టేమిటని ఎవరో అడిగారు. అడగ్గానే కామేశం బెంచీ మీద కూర్చుని మొదలుపెట్టాడు. పెళ్లాం ఎలా వచ్చిందీ, ఎలా పిలిచిందీ, హెడ్డు గుమాస్తా మొహం ఎలా మాడిందీ, అన్నీ చెప్పాడు. వినేవాళ్లు పెరిగారు. మళ్లీ మొదటినించీ చెప్పాడు. "చూశారా! మా ఆవిడ చెప్పుండకపోతే నేను వెళ్లుండేవాణ్ణి కాదు" అని గ్లాసు దించి లేచాడు.

పంచాయతీ రేడియో దగ్గరికి వెళ్లేసరికి అందులో ఎవరో నిమ్మకాయ ఊరగాయ గురించి చెబుతున్నారు.

అందరూ అక్కడే ఉన్నారు. రోలుగుంట నించి సత్యరాజు, చీడికాడ నించి కర్ర ఊతంతో దేవకుమార్. వాళ్లకెవరూ బొట్టు పెట్టలేదు. కామేశం నోరు తెరిచి "ఇఫ్..." అన్నాడు. అందరి కళ్లూ నుదుటి మీదికి వెళ్లాయి. చెమటకి కుంకుమ కరిగి ముక్కు దాకా దిగింది. వాక్యం అక్కడే ఆగిపోయింది. లక్ష్మీసుందరి కొంగుతో అతని ముక్కు తుడిచి, ఇంటికి దారితీసింది.

రేడియోవాళ్లు ఆ పాట మళ్లీ వెయ్యలేదు. ఆ సాయంత్రం కామేశం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నిజంగానే సిగ్గేసింది. ఆ పాట ఓసారి పాడమని, పెళ్లైన ఇన్నేళ్లలో మొదటిసారి అడిగాడు.

ఆవిడ చారు పోపు వేసి, మూత పెట్టి, కోపం లేకుండానే అంది. "పెళ్లైన కొత్తలో అడిగుంటే పాడుండేదాన్నండీ."