సంతకం పెట్టని అతిథులు

చరిత్ర అన్నది జరిగినంత మాత్రాన జరిగినట్టు కాదు. దానికి దరఖాస్తు పెట్టుకుని, మూడు ప్రతులు జతచేసి, వారసత్వ కట్టడాల సంఘం వారిచేత ముద్ర వేయించుకోవాలి. అంతవరకూ అది పుకారు కిందే లెక్క.

ఈ సంగతి లూవీనియా ప్రూయిట్‌కు డెబ్బై ఒకటో ఏట తెలిసింది. ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున, ముత్తాత కట్టిన చెక్క ఇంట్లో ఉంటోందామె. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళను ఆ ముత్తాత వంటింటి నేల కింద దాచి, పడవెక్కించి కెనడా పంపేవాడు. నూరేళ్ళ తర్వాత లూవీనియా తల్లి అదే వంటింట్లో, నల్లపిల్లలకూ మంచి బడి కావాలని సభలు పెట్టింది. ఇప్పుడు శుక్రవారం లోపు రుజువులు చూపకపోతే ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలోంచి పోతుంది. పోతే పడగొట్టి, కార్లు నిలుపుకునే చోటు చేస్తామని నగరపాలక సంస్థ ఎంతో మర్యాదగా రాసింది.

సంఘం పరిశీలకుడు డెన్నిస్ ఆల్‌బ్రెక్ట్ మంచివాడు. (అదే చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకోవచ్చు.) ఆయన తెచ్చిన ఫారంలో, ఇంట్లో ఆశ్రయం పొందినవారి పేరు, చిరునామా, వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ, సంతకం అని గడులున్నాయి.

"వాళ్ళు దొరక్కూడదని వచ్చినవాళ్ళు బాబూ. సంతకాలు పెట్టి ఎవరైనా దాక్కుంటారా?" అంది లూవీనియా.

"నాకు అర్థమైందండీ. కానీ ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు పోదు."

తర్వాత ఆయన వంటింటి కింద గది కొలిచాడు. నాలుగడుగుల ఎత్తు. కిటికీ లేదు, బయటికి దారి చూపే బోర్డు లేదు. లూవీనియా చెప్పిన లెక్కన పదకొండు మందిని అందులో ఉంచడం అగ్నిమాపక నిబంధనలకు విరుద్ధమని ముత్తాత పేరిట నోటీసు వెళ్ళింది. (అందినట్టు జవాబు ఇంకా రాలేదు.) తల్లి సభలకు మినిట్స్ పుస్తకం లేదంటే పాపం నొచ్చుకున్నాడు. రాస్తే ఆ పుస్తకాన్ని పోలీసులు పట్టుకుపోయేవారని లూవీనియా చెబితే, అయ్యో, పట్టుకుపోయి ఉంటే వాళ్ళ రికార్డుల్లో భద్రంగా ఉండేది కదా అన్నాడు.

ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండింది గానీ, దారీ దొరికింది. మర్నాడే కోర్టు పాత కాగితాల గదికి వెళ్ళి రెండు రోజులు దుమ్ము తింది. గురువారం ఒక కాగితం పట్టుకొచ్చింది. 1854లో షెరీఫ్ ఏమస్ కెటరింగ్ పారిపోయినవాళ్ళ కోసం ఈ ఇంటిని మూడుసార్లు సోదా చేశాడు. ఎవరూ దొరకలేదు. కింద సంతకం, ముద్ర, తేదీ. దాన్ని చూసి ఆల్‌బ్రెక్ట్ కళ్ళు చెమర్చాయి, ఫారంలో గడులు నిండాయి.

ఇల్లు నిలిచింది. లూవీనియా చర్చివాళ్ళందరికీ పీచ్ పళ్ళు కూరిన తీపి 'పై' చేసిపెట్టింది. నెల తిరక్కుండా గుమ్మం పక్కన కంచు ఫలకం బిగించారు. షెరీఫ్ కెటరింగ్ ఇక్కడ మూడు పర్యాయాలు విధి నిర్వహించారని ఉంది దాని మీద. ముత్తాత పేరు లేదు, తల్లి పేరు లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. మా వాళ్ళేరని అడిగింది.

ఆల్‌బ్రెక్ట్ ఆమె చెయ్యి పట్టుకుని ఓదార్చాడు.

"మీరు గర్వపడాలండీ. రికార్డుల ప్రకారం మీ ముత్తాతగారు ఎవర్నీ దాచలేదు. చట్టం దాటని మనిషి."

ఆ మాట షెరీఫ్ చేత నమ్మించడానికి ఆ ఇంట్లో పదకొండు మంది మూడుసార్లు ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. సంఘం వారు ఒక్క కాగితానికే నమ్మారు.