మోకాళ్లకు మేలు చేసే ఎర్ర కారు

నాకు ఎర్ర కారు కావాలి. మా ఆవిడకి తెల్ల డబ్బా, అంటే పెట్టెలా ఎత్తుగా ఉండే తెల్ల కారు, కావాలి. ఏది వచ్చిందో ముందే చెప్పెయ్యమని తొందరపెట్టకండి. ఈమధ్య నేను ఎక్కడికైనా నెమ్మదిగానే చేరుకుంటున్నాను.

నా ఉద్యోగం సంగతి ముందు చెప్పాలి. ఎవరైనా కారు కొందామని ఇంటర్నెట్‌లో వెతికితే, మాకు పని అప్పజెప్పిన షోరూమ్ వాళ్ల పేజీ అందరికంటే పైన కనబడాలి. "జనం ఏ మాటలు కొడతారో ఆ మాటలే మన పేజీ నెత్తిన ఉండాలయ్యా" అని మా మేనేజరు నిత్యపారాయణం. ఆయన్ని వెనకాల 'మొదటి పేజీ' అంటాం. ముందర కూడా ఓసారి అనేశాం, మెచ్చుకోలనుకున్నాడు.

పరాయివాళ్లు కొనబోయే కార్లని పొగిడి పొగిడి నాకు కారంటేనే నీరసం వచ్చేసింది. ఆ ఎర్ర హ్యాచ్‌బ్యాక్ ఒక్కటే మినహాయింపు. నేలకి కరుచుకున్నట్టుండే చిన్న బండి. దాని ఫొటో పేజీలో పెట్టిన పూట నాకు అలసట తెలియలేదు. నాకోసమని నేను ఎంచుకున్నది ఇంట్లో ఒక్క కుర్చీ కూడా లేదు. ఇదొక్కటీ నా ఇష్టం కావాలనిపించింది.

"అందులోకి మా అమ్మ ఎలా ఎక్కుతుంది?" అంది మా ఆవిడ.

"ఎక్కడం దేనికి? అలా కిందకి జారిపోవడమే."

"జారాక లేవడం?"

"నేను లేనూ?"

"సోఫాలోంచి మీరు లేవడానికే నేను చెయ్యివ్వాలి."

మా అత్తగారు మాతోనే ఉంటారు. ఇంట్లో నిర్ణయాలన్నీ ఆవిడ మోకాళ్లే తీసుకుంటాయి. ఏ అంతస్తులో అద్దెకి దిగాలన్నది కూడా అవే చెప్పాయి.

"నేనూ ఇంటర్నెట్‌లో వెతుకుతాలెండి. మీ మాట మీద కారు కొనే ధైర్యం నాకు లేదు" అని మా ఆవిడ తేల్చేసింది.

అక్కడే నా బుర్ర వెలిగింది. మా ఆవిడ అందరిలా రెండు ముక్కలు కొట్టి వెతకదు. ఎదుట మనిషి కూర్చున్నట్టు పూర్తి వాక్యం రాస్తుంది, చివర 'దయచేసి చెప్పండి' అని కూడా పెడుతుంది. ఇలా వెతికేదానివి లోకంలో నువ్వొక్కదానివే అని నేను ఎన్నోసార్లు ఆటపట్టించాను కూడా. అంటే ఆ వాక్యానికి పోటీయే లేదన్నమాట.

మర్నాడు ఆఫీసులో షోరూమ్ వాళ్ల సైట్లో ఓ కొత్త పేజీ పెట్టాను. 'మోకాళ్ల నొప్పులున్న అమ్మ కష్టపడకుండా ఎక్కి దిగే చిన్న కారు ఏది, దయచేసి చెప్పండి.' దాని కింద ఎర్ర కారు. 'సీటు కిందకి ఉంటుంది కనక మోకాలు ఎత్తే శ్రమే లేదు' అని రాస్తున్నప్పుడు చెయ్యి కాస్త మొరాయించింది. పొట్టకూటికి ఇంతకంటే పెద్దవే రాసిన చెయ్యి కనక సర్దుకుంది.

పేజీ ఎక్కడో పైకి పోయింది. మోకాళ్ల నొప్పులవాళ్లెవరు కారు కోసం వెతికినా అదే కనబడసాగింది. పేజీ కింద జనం ప్రశ్నలు అడగసాగారు. జవాబిస్తే పేజీ ఇంకా పైకెళ్తుందని మా మొదటి పేజీ నమ్మకం. 'ఓ ఇల్లాలు' అన్న పేరుతో ఒకావిడైతే వదల్లేదు.

'పెద్దావిడ ముందు కూర్చుంటే మావారు వెనక పడతారా? ఆయనకి కాస్త పొట్ట.'

'అలాంటివి రెండు పడతాయి మేడమ్!'

'దూరాభారం అయితే?'

'హాయిగా నిద్రపోతారు.'

'తోలేది నేను. నాకు కుదురుతుందా?'

'మీ కోసమే చేసినట్టుంటుంది. మీవారికి అసలు ఇవ్వకండి!'

ఆదివారం మా ఆవిడ తనంతట తానే అంది, "ఇంటర్నెట్‌లో చదివానండీ. ఎర్ర కారే చూద్దాం పదండి."

నేను చెప్పులు కుడిఎడమలు మార్చి తొడుక్కున్నాను, అంత సంబరం.

షోరూమ్‌లో కాలు పెట్టానో లేదో, వెనక్కి తిరిగి పోదామనిపించింది. బెంచీల నిండా ముసలివాళ్లే. ఒక్కొక్కరి చేతిలో ఫోను, ఫోనులో నా పేజీ. మొదటి పేజీ కూడా అక్కడే చెమటలు కక్కుతున్నాడు.

"ఏమిటయ్యా ఇది? ఎక్కినవాళ్లు దిగలేకపోతున్నారు! పొద్దుట్నుంచీ సేల్స్‌వాళ్లు లాగడమే సరిపోతోంది. ఎవడు రాశాడు?"

"విచారిస్తాను సార్" అన్నాను.

"అత్తయ్యగారూ, రండి కూర్చోండి" అని ముందు తలుపు తీశాను, మాట మారుద్దామని.

ఆవిడ కదల్లేదు. "ముందు నువ్వు వెనక పడతావేమో చూడు బాబూ."

దూరాను. మోకాళ్లు గడ్డానికి తగిలాయి, పొట్ట ముందు సీటుకి ఆనింది. ఊపిరి ఎటు తీసుకోవాలో తెలియలేదు. మా ఆవిడ ఫోను తీసి, బెంచీలన్నిటికీ వినబడేలా చదివింది.

"'అలాంటివి రెండు పడతాయి మేడమ్.' ఇంకో పొట్టని పిలవమంటారా?"

"ఆ... ఆ ఇల్లాలు నువ్వేనా?"

"అలా వెతికేది లోకంలో నేనొక్కదాన్నే అన్నారుగా. నా వాక్యం అచ్చుగుద్దినట్టు కనబడితే ఎవరు రాశారో తెలీదా?"

"పైన ఉన్న పేజీ నమ్మకపోతే ఎలాగే?"

"మీతో కాపురం చేస్తూ పైన ఉన్నవి నమ్ముతానా? నేను నమ్మడం ఎప్పుడూ మూడో పేజీ నుంచి మొదలుపెడతాను."

అత్తగారు కర్ర ఆనించి లోపలికి వంగారు. "మోకాళ్లు ఎలా ఉన్నాయి బాబూ?"

ఇద్దరు సేల్స్‌వాళ్లు చెరో చెయ్యీ పట్టి లాగారు. మొదటి పేజీ నాకేసి చూసిన చూపు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రమే ఆఫీసుకెళ్లి, ఎర్ర కారు తీసేసి తెల్ల డబ్బా పెట్టాను. మాటలు మా ఆవిడ ఫోనులో చెప్పింది, నేను టైపు చేశాను.

తెల్లదే కొన్నాం. మా ఆవిడ తోలుతుంది, అత్తగారు ముందు సీటు, నేను వెనక. ఎర్ర బండి కనబడితే ఇప్పటికీ గుండె చివుక్కుమంటుంది. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను రాసినవాటిలో ఒక్క ముక్క నిజమైంది. వెనక సీట్లో హాయిగా నిద్ర పడుతోంది. ఆఫీసు రాగానే అత్తగారు తనంతట తాను దిగి, వెనక తలుపు తీసి, నాకు చెయ్యిచ్చి లేపుతున్నారు.