ముప్పై ఎనిమిది కుక్కర్లు, ఒక తాళం

మంగళవారం ఉదయం దుర్గ పెట్టుకున్న పనులు రెండే. కూతురు భానుప్రియను బడిలో దింపడం, దోసెల పిండి పట్టించుకుని ఇంటికి రావడం. కుక్కర్లు శుక్రవారం వస్తాయని కంపెనీ చెప్పింది కాబట్టి వాటి సంగతి ఆమె ఆలోచించలేదు.

భానుప్రియ చదివేది ఆరో తరగతి. పద్మారావు నగర్‌లో అద్దె మేడలో నడిచే బాలికల పాఠశాల అది. పిల్లలు రెండు వందల పది మంది. వాళ్లకు ఒక మరుగుదొడ్డి, టీచర్లకు ఒకటి. పొద్దున నింపి ఇచ్చిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగి వచ్చేది. "తాగితే లైన్లో నిలబడాలమ్మా" అనేది భానుప్రియ. ఆగస్టులో ఆ పిల్లకు జ్వరం వస్తే, నీళ్లు తాగకపోవడం వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్ అన్నాడు డాక్టర్.

దుర్గ తల్లిదండ్రుల సంఘానికి కార్యదర్శి. ఇంకో మరుగుదొడ్డి కట్టించమని కరస్పాండెంట్ జకర్యాను మూడుసార్లు అడిగింది. మూడోసారి ఆయన, "సగం ఖర్చు మీరు తెండి. మిగతా సగం అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఆ సగం కోసమే కుక్కర్లు. ఒక ఆన్‌లైన్ దుకాణం బళ్లతో ఒప్పందాలు చేసుకుంటోందని బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే దుర్గ భర్త కల్యాణ్ చెప్పాడు. బడి పేరుతో ఉన్న లింకు నొక్కి కొంటే కొంత వాటా బడికి వస్తుంది. ముప్పైకి మించి వస్తువులు ఒకే చిరునామాకు వెళితే వాటా రెట్టింపు. ముప్పై ఎనిమిది మంది తల్లులు ప్రెషర్ కుక్కర్లకు ముందే డబ్బు కట్టారు. చిరునామా అడిగిన చోట దుర్గ బడి పేరు రాసింది.

ఆమె పిండి మిల్లులో ఉండగా బడి వాచ్‌మన్ పేతురు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ డబ్బాలొచ్చినయ్. ముప్పై ఎనిమిది. జెర చెప్పుండ్రి, యాడ పెట్టాలె?"

"శుక్రవారం అన్నారు కదేటి? ఎక్కడో ఒక దగ్గర పెట్టి తాళమెయ్యి బాబూ. మధ్యాహ్నానికల్లా పంచేస్తాను."

కిందటి ఏడాది బడిలో రెండు ఫ్యాన్లు పోతే పేతురు జీతంలో కోత పడింది. అందుకని తాళం అన్న మాట అతడికి బాగా వినిపించింది. తరగతి గదులకు గొళ్లేలే ఉన్నాయి. హెడ్మిస్ట్రెస్ గదిలోంచి మేడ మెట్లకు దారి. టీచర్ల మరుగుదొడ్డికి లోపలి గడియ తప్ప ఏమీ లేదు. బయటినుంచి తాళం పడేది పిల్లల మరుగుదొడ్డికే. ఆదివారాలు వీధిలోవాళ్లు వాడకుండా పెట్టిన తాళం అది. డబ్బాలు అందులో కిటికీ ఎత్తు వరకు వచ్చాయి.

దుర్గ ముందుగా శ్యామలమ్మకు ఫోన్ చేసింది. ఆమె కూతురు తొమ్మిదో తరగతి.

"మంగళారం కొత్త గిన్నె ఇంట్లకు తెస్తరా దుర్గా? మా అత్త నన్ను సుత బయటనే నిలబెడ్తది."

"రేపు తీసుకెళ్తారా అక్కా?"

"రేపు అమాస."

"పోనీ ఎల్లుండి?"

"పాడ్యమి. జెర కేలండర్ చూసి తెప్పియ్యొద్దా?"

"తేదీ నాను పెట్టలేదక్కా. కంపెనీవోళ్లు పెట్టారు."

"కంపెనీల ఆడోళ్లే లేరా?"

నలుగురు క్రైస్తవ తల్లులు వచ్చి తమవి పట్టుకుపోయారు. మిగతావాళ్లు శుక్రవారం వస్తామన్నారు. దుర్గ తన కుక్కర్ కూడా తీసుకెళ్లలేదు. ఆమె అత్తగారు రాజులమ్మ ఇంట్లోనే ఉంది.

హెడ్మిస్ట్రెస్ రోసమ్మ దుర్గను పిలిపించింది. "కుక్కర్‌కి, మంగళవారానికి ఏం సంబంధమండీ దుర్గగారూ?"

"నాకూ తెలీదు మేడమ్. మా అత్తగారికి తెలుసు."

రోసమ్మ డబ్బాలను వరండాలోకి మార్చమంది. పేతురు ఒప్పుకోలేదు. "బయట పెడితే పోతయ్ మేడమ్. మల్ల నా జీతమే కోస్తరు. తాళమున్న రూమ్ చూపియ్యుండ్రి, ఇప్పుడే మారుస్తా."

అలాంటి గది లేదు. టీచర్ల మరుగుదొడ్డి పిల్లలకు తెరిచారు. బుధవారానికి వరుస వరండా దాటింది. లెక్కల క్లాసు ఇరవై నిమిషాలే జరిగింది. ఆ మధ్యాహ్నం మౌలాలి నుంచి నరసరాజు అనే ఆయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"అడ్మిషన్ తీసుకుంటే కుక్కర్ ఇస్తున్నారటండి. మూడు లీటర్లదా, ఐదు లీటర్లదా?"

సెప్టెంబరులో అడ్మిషన్లు ఉండవని రోసమ్మ చెప్పింది.

"పోనీ కుక్కర్ ఒక్కటే ఇస్తారా?"

ఇవ్వరని తెలిశాక ఆయన కరస్పాండెంట్ నంబరు అడిగి తీసుకున్నాడు.

గురువారం పదిగంటలకు జకర్యా వచ్చి దుర్గను హెడ్మిస్ట్రెస్ గదికి పిలిపించాడు. అప్పటికి అరగంట ముందు కల్యాణ్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, వాటా డబ్బుగా కాక కూపన్‌గా వచ్చిందని దుర్గకు చెప్పాడు.

"ఇది బడా, గోడౌనా?" అన్నాడు జకర్యా.

"మీరడిగిన సగం కోసమే సార్."

"వచ్చిందా సగం?"

"కూపన్ వచ్చింది సార్. ఆ దుకాణంలోనే వాడాలి. వాళ్లు మరుగుదొడ్లు అమ్మరు."

"అయితే ఆ ఊసు ఇక్కడితో ఆపేయండి."

జకర్యా లేచి టీచర్ల మరుగుదొడ్డి వైపు నడిచాడు. ఆయనకు అరవై మూడేళ్లు. బీపీకి పొద్దున వేసుకునే మాత్ర ఒంట్లో నీరు నిలవనివ్వదు. దారిలో రెండు టీలు తాగాడు.

తలుపు ముందు పంతొమ్మిది మంది పిల్లలున్నారు. గోడ మీద 'వరుస తప్పరాదు' అని రాసి ఉంది. కింద ఆయన పేరు ఉంది. వరుసలో చివర నిలబడ్డ భానుప్రియ వెనక్కి తిరిగింది.

"సార్, మీరు ముందు వెళ్తారా?"

"వద్దమ్మా."

ఇద్దరు కదిలారు. జకర్యా పేతురును పిలిచాడు. "పిల్లలదానికి ఏమైంది?"

"కుక్కర్లున్నయ్ సార్. తీయాలంటే అర్ధగంట."

"నువ్వెక్కడికి పోతావు?"

"ఎదురుగ హోటల్‌కు సార్. చాయ్ తాగినోళ్లనే లోపలికి పోనిస్తరు."

చాయ్ మాట వినగానే జకర్యా గోడకు చెయ్యి ఆనించాడు. కాసేపటికి, "రోజూ ఇంతేనా?" అని భానుప్రియను అడిగాడు.

"ఇంటర్వెల్‌లో మాదాని దగ్గర ఇంకా పెద్ద లైన్ ఉంటది సార్. అందుకే మేము నీళ్లు తాగం."

మరో ముగ్గురు కదిలాక ఆ పిల్ల మళ్లీ అడిగింది. ఈసారి ఆయన వద్దనలేదు.

బయటికి వచ్చాక జకర్యా వరండాలోనే నిలబడి మేస్త్రీకి ఫోన్ చేశాడు. "పిల్లలకు ఇంకోటి కట్టాలి. సోమవారం మొదలుపెట్టు." సగం మాట ఆయన ఎత్తలేదు. దుర్గ గుర్తు చేయలేదు.

శుక్రవారం తల్లులు వచ్చి కుక్కర్లు తీసుకెళ్లారు. శ్యామలమ్మ మూత తీసి, గాస్కెట్ చూసి, విజిల్‌లోకి ఊది మరీ తీసుకుంది.

నవంబరు నుంచి భానుప్రియ సీసా ఖాళీగా ఇంటికి వస్తోంది. కూపన్ గడువు దాటిపోతోందని, దాని విలువకు సరిపడా ఇంకో కుక్కర్ తెప్పించి వార్షికోత్సవంలో బహుమతిగా ఇవ్వాలని సంఘం తీర్మానించింది. ముప్పై తొమ్మిదో కుక్కర్ మంగళవారం వచ్చింది. పేతురు తాళమున్న గది కోసం చూశాడు. ఇప్పుడు అలాంటివి రెండున్నాయి.