మేకు పడని షెల్ఫు

ఆదివారం ఉదయం గుమాస్తా చొక్కా చేతులు మడిచాడంటే ఆ ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుందని లెక్క. ఆ రోజు వంతు చవగ్గా దొరికిన చెక్క షెల్ఫుది. అతని భార్య పాత గడియారాలు బాగుచేయడంలో దిట్ట. పుట్టింటి విద్య. ఎన్నాళ్ళనుంచో కన్న కల ఇవాళ నిజం కాబోతోంది: అద్దె ఇంటి ముందుగదే ఆమె దుకాణం. మొదటి బేరం పదింటికి వస్తుంది. ఆలోగా మంచం కింది గడియారాలన్నీ గోడెక్కాలి.

చిక్కల్లా పక్క వాటాలో ఉండే ఓనరుగారితోనే. "గోడకు మేకు కొట్టరాదు. కొడితే ఖాళీ చేయాలి" అని బారెడు చెక్కమీద రాయించి వరండాలో వేలాడదీసిన మనిషాయన.

"అందుకే రెండువైపులా అంటుకునే టేపు తెచ్చా. ఎంత బరువైనా మోస్తుందని డబ్బా మీదే రాశాడు," అన్నాడు గుమాస్తా.

"రాసినవాడొచ్చి మోస్తాడా? అవి గడియారాలండీ, కోడి ఈకలు కావు!"

"నీకన్నీ అనుమానాలే. నువ్వెళ్ళి బేరాలకి కావలసిన గడియారం సెల్లులు కొనుక్కురా, ఈలోగా చూడు నా తడాఖా."

ఆమె వెళ్ళింది. అతను షెల్ఫు అంటించి, గడియారాలు వరసగా పేర్చి, నాలుగడుగులు వెనక్కి వేసి మురిసిపోయాడు. ఆ మురిపెం కాస్సేపే. చర్రుమంటూ పళ్ళెమంత రంగుపెచ్చుతో సహా టేపు ఊడొచ్చింది. ఒక్క గెంతు గెంతి, చేతులు చెరోవైపూ, నెత్తి మధ్యలోనూ పెట్టి షెల్ఫును ఆపాడు. కదిలితే భార్య కల కాస్తా నేలమీద ముక్కలవుతుంది. సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెట్టింది.

పదైంది. సరిగా మోగుతాయో లేదో చూద్దామని ఆమె అన్నిటికీ పదింటికే అలారం పెట్టి ఉంచింది. అన్నీ ఒక్కసారిగా గొల్లుమన్నాయి. ఓనరు పరుగెత్తుకొచ్చాడు.

"కొంపంటుకుందా ఏంటి? ఏమిటయ్యా ఆ అవతారం?"

"వ్యాయామమండీ."

"గడియారాలు నెత్తిన పెట్టుకునా?"

"టైము తెలుస్తుందనీ..."

ఓనరు కళ్ళు గోడమీద పడ్డాయి. "ఓరి నాయనో! నా గోడ తోలు ఒలిచేశావా!"

"మేకు మాత్రం కొట్టలేదండీ. మీ మాట జవదాటితే ఒట్టు!"

అంతలో భార్య వచ్చింది. గబగబా గడియారాలన్నీ దించి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఖాళీ చేయమంటారా బాబాయిగారూ? ఇవాళే మొదలెట్టానండీ," అంది.

ఓనరు మనసు కరిగింది కానీ, పైకి ఒప్పుకుంటే ఓనరెలా అవుతాడు? "ఆ సంగతి తర్వాత. ఈ టేపు భాగోతం కంటే నాలుగు కన్నాలే నయం. ఉండండి," అని వెళ్ళి డ్రిల్లు మెషిను తెచ్చాడు. ఎప్పుడో ముచ్చటపడి కొన్నది. ఇంకొకర్ని ముట్టుకోనిచ్చిందీ లేదు, తను వాడిందీ లేదు.

"కాస్త నెమ్మదిగా అండీ..."

"నాకు చెబుతావా?" అంటూ ఒంటి బరువంతా మెషిను మీద వేశాడు. గోడ పల్చన. డ్రిల్లు పిడిదాకా దిగింది. అవతలనుంచి కెవ్వుమని కేక.

మరుక్షణం ఓనరమ్మ గుమ్మంలో ఉంది. చేతిలో ఆగిపోయిన గడియారం. పదింటి బేరం ఆవిడదే. "నా వంటింటి గోడలోంచి ఇనుపముక్క తొంగిచూస్తోంది! ఎవరిదీ పని?"

ఓనరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. గుమాస్తా వంక దీనంగా చూశాడు.

"నేనేనండీ," అన్నాడు గుమాస్తా జాలిపడి. మెషిను మాత్రం ఓనరు చేతిలోనే గిర్రున తిరుగుతోంది.

ఓనరమ్మ మొగుడివైపు తిరిగింది. "కాపురానికొచ్చినప్పట్నుంచీ వంటింట్లో ఒక్క షెల్ఫు బిగించమంటే గోడ పాడవుతుందన్నారు. ఇప్పుడు పాడైందిగా? బిగించండి!"

"చెక్క ఏదే?" అన్నాడాయన నీరసంగా.

ఆవిడ తిన్నగా వరండాలోకి నడిచింది.

సాయంత్రానికి ముందుగదిలో షెల్ఫు, పట్టుకుని ఊగినా కదలనంత గట్టిగా నిలిచింది. దానిమీద ఓనరమ్మ గడియారం కూడా టిక్కుటిక్కుమంటుంటే గుమాస్తా భార్య దాన్నే చూస్తూ నవ్వుకుంది. గోడకవతల వంటింట్లో "గోడకు మేకు కొట్టరాదు" నాలుగు స్క్రూల మీద నిక్షేపంగా నిలబడి ఉంది.