రిబ్కమ్మ గారి పది టన్నుల ఖాళీ

ఖాళీ గడిని మించిన వరం మానవజాతికి ఇంకోటి లేదు! నవ్వకండి. ముప్పై ఏళ్లు రెడ్డిగూడెంలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరికే అనను.

మా కాలంలో అప్లికేషన్‌లో గడి ఖాళీగా వదిలితే గుమాస్తా ఊరుకునేవాడు కాదు. గీత కొట్టమనేవాడు, లేదంటే 'నిల్' అని రాయమనేవాడు. పిల్లలకి నేనూ అదే నేర్పాను. ఎంత అజ్ఞానం! మా కళ్లు తెరిపించడానికి 'తోటబాట' అనే వెబ్‌సైట్ రావాల్సివచ్చింది.

మామిడి రైతులు తోట వివరాలు అందులో పెడతారు. కొనేవాళ్లు ఊరో, రకమో కొట్టి వెతుక్కుంటారు. మా పక్కింటి రిబ్కమ్మ గారికి మూడెకరాల చిన్నరసాల తోట ఉంది, ఏడాదంతటికీ ఆ కాపే ఆధారం. దళారుల బెడద తప్పుతుందని నేనే దగ్గరుండి ఆవిడ పేరు ఎక్కించాను. 'మా సైట్ ఎలా ఉంది?' అన్న గడిలో 'అద్భుతం' అని కూడా నేనే రాశాను.

ఏప్రిల్‌లో ఆవిడ ఫోన్ నెంబర్ మారింది. అప్‌డేట్ ఫారంలో కొత్త నెంబర్ ఒక్కటే నింపి మిగతావి వదిలేశారు. "ఒకసారి చెప్పినవేగా మాస్టారూ, మళ్లీ దేనికండీ?" అన్నారు. సబబే కదా! కంప్యూటర్ మాత్రం, ఖాళీగా ఉన్నవన్నీ చెరిపేయమన్నారనుకుంది. ఊరు పోయింది, రకం పోయింది. రెడ్డిగూడెం అని వెతికినా, రసాలు అని వెతికినా ఆవిడ లేరు!

ఎంత సుఖం! కాయ పక్వానికొచ్చినా బేరగాళ్ల పోరు లేదు. ఫోన్ పాడైందేమోనని ఆవిడే రోజుకు రెండుసార్లు నాచేత రింగ్ ఇప్పించుకునేవారు.

చివరికి బస్సెక్కి నూజివీడు వెళ్లి, సైట్ నడిపే సంతోష్ కుమార్‌ని కలిశాం. మంచివాడు. నా 'అద్భుతం'తో సహా వివరాలన్నీ మళ్లీ ఎక్కించాడు. "ఇకమీదట ఖాళీ గడి జోలికి పోదండీ. ఖాళీగా ఉంటే పాతదే ఉంచేస్తుంది" అని మాటిచ్చాడు. ఇచ్చిన మాట మీద అలా నిలబడేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారు?

మర్నాడే విజయవాడ వ్యాపారి ఫోన్ చేసి, శుక్రవారం లారీతో వస్తానన్నాడు. గురువారం సాయంత్రం గాలివాన వచ్చింది. అరగంటలో పది టన్నుల కాయ నేలపాలు.

"లేని కాయ ఉందని జనాన్ని రప్పించడం తప్పండీ, తీసేయండి" అన్నారు రిబ్కమ్మ గారు. 'ఉన్న సరుకు' గడి ఖాళీ చేసి అప్‌డేట్ నొక్కాను. పది టన్నులు! మళ్లీ నొక్కాను. పది టన్నులే! సున్నా కొడితే, సరైన సంఖ్య ఇమ్మంది. దేవుడు రాల్చిన కాయని తిరిగి చెట్టుకెక్కించింది చూశారా? ఏ శాస్త్రవేత్త చేయగలడీ పని?

సంతోష్ కుమార్‌కి ఫోన్ చేశాను. "ఖాళీని ముట్టుకోవద్దన్నది మీరేగా మాస్టారూ!" అన్నాడు. నిజమే మరి.

అప్పుడు నా పాత చదువు గుర్తొచ్చింది. సరుకు గడి అంకెలు తప్ప తీసుకోదు కనుక, రకం గడిలో 'నిల్' అని రాశాను. మహాప్రసాదంలా తీసుకుంది. ఆ రోజు నుంచి హైదరాబాద్ దాకా ఒకటే ఫోన్లు. "నిల్ రకం పది టన్నులుందట కదమ్మా, పీచుంటుందా?"

మొదట నాకూ నవ్వొచ్చింది. కానీ ఫోన్ మోగిన ప్రతిసారీ ఆవిడ, "లేవండీ, గాలివానకి రాలిపోయాయండీ" అని మొదట్నుంచీ చెప్పుకొస్తుంటే వినలేకపోయాను. కాయ ఉన్నన్నాళ్లూ మోగని ఫోన్ అది! ఎక్కించింది నేనే కదా, సిగ్గేసింది.

కనీసం నేను రాసిన ఆ మెప్పునైనా వెనక్కి తీసుకుందామనుకున్నాను. ఆ గడిలో ఉన్నదంతా చెరిపేసి, అప్‌డేట్ గట్టిగా నొక్కాను.

నిన్న చూశాను. రిబ్కమ్మ, రెడ్డిగూడెం. నిల్ రకం, పది టన్నులు. మా సైట్ ఎలా ఉంది? అద్భుతం!